ఈ పొడి వేసుకుంటే పంపు మానేయొచ్చా? పాత ఆయాసం, చైనా వైద్యం

మా పెద్దమ్మకు 67 ఏళ్లు. గ్యాస్ పొయ్యి ఇంటికి వచ్చేదాకా, దాదాపు 30 ఏళ్ల పాటు కట్టెల పొయ్యి మీదే వండింది. చుట్ట గానీ బీడీ గానీ ఎన్నడూ ముట్టలేదు. అయినా ఐదారేళ్లుగా మేడమెట్లు సగం ఎక్కేసరికి గోడ పట్టుకుని ఆగిపోతోంది. చలికాలం వస్తే రాత్రంతా దగ్గు, తెల్లారేసరికి గొంతు నిండా గళ్ల. డాక్టరు గొట్టంలోకి ఊదించి చూసి, చీటీ మీద సీఓపీడీ అని రాశారు. ఊపిరితిత్తుల్లో గాలి దారి ఇరుకైపోయి, ఏళ్ల తరబడి వెంటాడే ఆయాసం జబ్బు అది. రోజూ పీల్చడానికి ఒక ఇన్‌హేలర్, ఆయాసం ఎగదన్నినప్పుడు పీల్చడానికి ఇంకొకటి ఇచ్చారు. ఆమె రెండింటినీ కలిపి 'పంపు' అంటుంది.

పోయిన సంక్రాంతికి సింగపూర్ నుంచి వచ్చిన అన్నయ్య అక్కడి చైనా వైద్యుడి దగ్గర మందు తెచ్చాడు. డబ్బా నిండా చిన్న చిన్న ప్యాకెట్లు, ఒక్కోదాంట్లో గోధుమరంగు పలుకులు. వేడినీళ్లలో వేస్తే క్షణంలో కరిగిపోతాయి. మాడిన బెల్లం వాసన. నేను ఒక చెంచా రుచి చూశాను. ముందు తీపి, వెనక చేదు. పెద్దమ్మ ఒక ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది:

"ఏరా అబ్బాయ్, ఇది వేసుకుంటే ఆ పంపు మానేయొచ్చంటావా?"

"మానకూడదు పెద్దమ్మా" అన్నాను. ఆమె ఊరుకోలేదు. "మరి చైనావాళ్లు వేల ఏళ్లుగా వాడుతున్నారటగా. ఏమీ లేకపోతే అంతమంది ఎందుకు వాడతారు?" న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు వెతుక్కుంటూ కొన్ని వారాలు చదివాను. చదివేకొద్దీ నాకు అర్థమైందేమిటంటే, 'చైనా వైద్యం పనిచేస్తుందా' అని గంపగుత్తగా అడిగితే జవాబు దొరకదు. అది ఒక మందు కాదు. అందులో వేర్లు, ఆకులు ఉన్నాయి, సూదులున్నాయి, వీపుకు వేసే పట్టీలున్నాయి, ఊపిరి వ్యాయామాలున్నాయి. ఒక్కోదాన్ని విడివిడిగా, అదే ఊపిరితిత్తి ముందు నిలబెట్టి అడగాలి.

జబ్బు ఎక్కడుంది

సీఓపీడీలో రెండు రకాల పాడు కలగలిసి ఉంటుంది. శ్వాసనాళాల గోడలు వాచి, కఫం ఊరుతూ, దారి ఇరుకైపోవడం ఒకటి. నాళాల చివర ద్రాక్షగుత్తుల్లా ఉండే గాలిగదుల గోడలు చిరిగి, చిన్న గదులన్నీ కలిసి వదులు సంచులైపోవడం రెండోది. సాగి మళ్లీ ముడుచుకునే గుణం పోయిన ఆ సంచుల్లో గాలి చిక్కుకుపోతుంది. చూసేవాళ్లకు వీళ్లు గాలి పీల్చుకోలేక అవస్థ పడుతున్నట్టు కనిపిస్తుంది గానీ, అసలు కష్టం లోపలి గాలిని వదలడంలో ఉంది. పాత గాలి బయటికి పోనిదే కొత్త గాలికి చోటెక్కడిది?

అందుకే ఈ జబ్బును ఊదించి పట్టుకుంటారు. నిండా గాలి పీల్చి బలంగా ఊదితే వచ్చే మొత్తం గాలిలో కనీసం 70 శాతం మొదటి సెకనులోనే బయటికి రావాలి. నాళాలు తెరిచే మందు పీల్చాక కూడా అంతకంటే తక్కువే వస్తుంటే సీఓపీడీ ఉన్నట్టు లెక్క. ఉబ్బసంలో మూసుకున్న దారి మందుతో చాలావరకు తెరుచుకుంటుంది, ఇందులో పూర్తిగా తెరుచుకోదు. చిరిగిన గాలిగదులను తిరిగి మొలిపించే మందు ఇంగ్లిష్ వైద్యంలో లేదు, ఆయుర్వేదంలో లేదు, చైనా వైద్యంలో లేదు. 'ఊపిరితిత్తులను కొత్తవాటిలా చేస్తాం' అని ఎవరైనా అంటే ఆ మాట దగ్గరే ఆగిపోవచ్చు.

చైనాకు ఇది ఇంటింటి జబ్బు. 2012–2015 మధ్య 20 ఏళ్లు దాటిన 50,991 మందిని ఊదించి పరీక్షిస్తే 8.6 శాతం మందిలో సీఓపీడీ తేలింది. దేశ జనాభాకు లెక్కగడితే దాదాపు 10 కోట్ల మంది. 2018లో లాన్సెట్ పత్రికలో ఈ లెక్క వచ్చింది. మన దేశంలోనూ తక్కువేం లేదు. 2016 అంచనా ప్రకారం ఐదున్నర కోట్లు. మన పిల్లలు చాలామంది చైనాలో ఎంబీబీఎస్ చదివి వచ్చారు. వాళ్లను అడిగితే చెబుతారు, అక్కడి పెద్దాసుపత్రుల్లో మందుల కౌంటర్లు రెండుంటాయి: ఒకటి పాశ్చాత్య మందులకు, ఇంకొకటి చైనా మందులకు. ఒకే రోగి రెండు కౌంటర్ల దగ్గరా నిలబడటం అక్కడ మామూలు. అక్కడ చైనా వైద్యం ఇన్‌హేలర్‌కు ఎదురు నిలబడే వైద్యం కాదు, ఎక్కువగా దాని పక్కన నడిచే వైద్యం. ఈ సంగతి సముద్రం దాటి మన దగ్గరికి వచ్చేసరికి ఎక్కడో జారిపోతోంది.

కప్ప అరుపు, పిల్లికూతలు

రెండో శతాబ్దం చివర, మూడో శతాబ్దం మొదట్లో బతికిన జాంగ్ జోంగ్‌జింగ్ చైనా వైద్యానికి మూలపురుషుల్లో ఒకరు. దగ్గుతో పాటు ఊపిరి పైకి ఎగదన్నే రోగాన్ని ఆయన పేరుతో నిలిచిన గ్రంథం 'ఫెయ్‌జాంగ్' అంటుంది. ఊపిరితిత్తులు ఉబ్బిపోవడం అని దానర్థం. గాలి చిక్కుకుని పొంగిన రొమ్మును ఎక్స్‌రే లేని కాలంలో చూసి పెట్టిన పేరు అది. అదే గ్రంథంలో ఒకచోట, గొంతులో కప్ప అరిచినట్టు చప్పుడు వచ్చే రోగికి ఏ కషాయం ఇవ్వాలో ఉంది. మనం పిల్లికూతలు అంటాం, వాళ్లకు కప్ప వినిపించింది. మంచం పక్కన కూర్చుని చెవి పెట్టి విన్నవాళ్లు రాసిన మాటలివి. ఆ శ్రద్ధ మీద నాకు గౌరవం ఉంది.

వాళ్ల లెక్కలో శరీరాన్ని నడిపేది 'చీ'. ప్రాణశక్తి అనుకోవచ్చు. ఊపిరితిత్తులు దాన్ని కిందికి దించుతాయి, మూత్రపిండాలు దాన్ని అందుకుని పట్టి ఉంచుతాయి. పట్టు తప్పితే ఊపిరి పైపైనే ఆడుతుంది. నాలుగడుగులేస్తే ఆయాసం వచ్చే ముసలివాళ్లకు వాళ్లు చెప్పే కారణం ఇదే. కఫం విషయంలో ఒక సామెతలాంటి సూత్రం ఉంది: కఫం పుట్టే చోటు ప్లీహం, దాన్ని దాచే పాత్ర ఊపిరితిత్తి. వాళ్ల లెక్కలో అరుగుదల ప్లీహం పని, అందుకే దగ్గుతో వెళ్లినా అరుగుదల ఎలా ఉంది, ఆకలి వేస్తోందా అని అడుగుతారు. వాత పిత్త కఫాలు విని పెరిగిన మనకు ఇదంతా తెలిసిన దారిలాగే అనిపిస్తుంది. కానీ రెండూ ఒకటే అనుకోకూడదు. వాళ్ల మూత్రపిండం రక్తం వడకట్టే అవయవం కాదు, కొన్ని పనుల కట్టకు పెట్టిన పేరు. 'చైనా వైద్యుడు కిడ్నీ బలహీనంగా ఉందన్నాడు' అని కంగారుపడి క్రియాటినిన్ పరీక్షకు పరిగెత్తక్కర్లేదు.

ఈ వైద్యంలో మందు జబ్బు పేరుకు రాయరు, మనిషి తీరుకు రాస్తారు. వైద్యుడు నాలుక చాపమంటాడు. రంగు, పైన పేరుకున్న పాచి, అంచుల్లో పళ్ల గుర్తులు చూస్తాడు. రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు ఆనించి నాడి పడతాడు. గళ్ల పచ్చగా చిక్కగా ఉందా, తెల్లగా పల్చగా ఉందా అని అడుగుతాడు. సీఓపీడీయే ఉన్న ఇద్దరు రోగుల్లో ఒకరికి 'ఊపిరితిత్తి, ప్లీహం నీరసించాయి' అని, ఇంకొకరికి 'కఫంతో వేడి చేసింది' అని తేల్చి, వేర్వేరు మందులు కట్టిస్తాడు. ముంచుకొస్తే కొమ్మకు, నిదానంగా ఉంటే వేరుకు వైద్యం చేయాలని వాళ్ల నియమం. దగ్గు, గళ్ల, ఆయాసం ఎక్కువైన రోజుల్లో వాటిని అణచడం కొమ్మకు చేసే వైద్యం. నెమ్మదించాక సత్తువ పెంచడం వేరుకు చేసేది.

ఇక్కడే అన్నయ్య తెచ్చిన డబ్బా గుర్తొచ్చింది. ఆ వైద్యుడు పెద్దమ్మ నాలుక చూడలేదు, చేయి పట్టలేదు. కొడుకు నోటిమాట విని మందు ఇచ్చాడు. చైనా వైద్యం సొంత నియమం ప్రకారమే అది సగం వైద్యం.

ఒక మొక్క చేసిన ప్రయాణం

పాత వైద్యంలో ఏమీ లేదనేవాళ్లకు నేను చెప్పే కథ మాహువాంగ్‌ది. ఆకులు లేనట్టుండే సన్నటి పుల్లల పొద అది, శాస్త్రీయ నామం ఎఫెడ్రా. కప్ప అరుపు రోగికి జాంగ్ జోంగ్‌జింగ్ రాసిన కషాయంలో ముఖ్యమైన మూలిక ఇదే. 1885లో నగాయ్ నగయోషి అనే జపాన్ శాస్త్రవేత్త దీన్నుంచి ఎఫెడ్రిన్‌ను విడదీశాడు. 1924లో పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీలో పనిచేస్తున్న కె.కె. చెన్, కార్ల్ ష్మిట్ అది శరీరంలో ఏం చేస్తుందో పరీక్షించి ప్రకటించారు. బిగుసుకున్న శ్వాసనాళాలను అది వదులు చేస్తుంది. అప్పటికి అడ్రినలిన్ ఉంది గానీ, మింగితే పనిచేయదు, సూది వేయాల్సిందే. ఎఫెడ్రిన్‌ను మింగొచ్చు. కొద్ది ఏళ్లలోనే ప్రపంచమంతా ఉబ్బసానికి ఎఫెడ్రిన్ మాత్ర వచ్చేసింది.

కథ అక్కడ ఆగలేదు. ఎఫెడ్రిన్ శ్వాసనాళాలను తెరవడంతో పాటు గుండె వేగం పెంచుతుంది, బీపీ పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది. గుండె జోలికి ఎక్కువగా పోకుండా నాళాల మీద పనిచేసే మందు కోసం వెతుకులాట సాగింది. 1960ల చివర సాల్బుటమాల్ వచ్చింది. పెద్దమ్మ ఆయాసం వచ్చినప్పుడు పీల్చే పంపులో ఉన్నది అదే. సాల్బుటమాల్‌ను ఎఫెడ్రా నుంచి తీయలేదు. కానీ ఆ మొక్క చూపించిన పనినే అది మరింత గురిగా, తక్కువ ప్రమాదంతో చేస్తోంది. అటు బరువు తగ్గడానికి, హుషారుకు అని ఎఫెడ్రా కలిపి అమ్మిన మాత్రలను అమెరికా 2004లో నిషేధించింది. గుండెపోట్లు, పక్షవాతాల ఫిర్యాదులు అన్ని వచ్చాయి మరి.

మన చేలగట్ల మీద పెరిగే అడ్డసరం కథా ఇలాంటిదే. ఆ ఆకులోని వాసిసిన్‌ను ఆధారం చేసుకునే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది, దాన్నుంచి ఆంబ్రోక్సాల్ వచ్చింది. దగ్గు సిరప్ సీసా వెనక చూడండి, ఈ రెండు పేర్లలో ఒకటి తరచూ కనిపిస్తుంది. మొక్కలో మందు ఉండటం నిజం. ఎంత మోతాదులో, ఎవరికి, ఏ ప్రమాదంతో అన్నది మొక్కను చూసి తెలియదు. అది తేల్చడానికే పరీక్షలు.

పరీక్షల్లో ఏం తేలింది

ఈ భాగం కొంచెం ఓపికగా చదవాలి. 'చైనా మందుతో సీఓపీడీ తగ్గినట్టు వందల అధ్యయనాలున్నాయి' అని వాట్సాప్‌లో తిరిగే మాటకు మూలం ఇక్కడే ఉంది. అధ్యయనాలు నిజంగానే వందల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటి పద్ధతి ఇది: రోగులను రెండు గుంపులు చేస్తారు, ఇద్దరికీ మామూలు మందులు ఇస్తారు, ఒక గుంపుకు అదనంగా చైనా మందు ఇస్తారు. రెండో గుంపుకు అదే రంగు, అదే వాసన ఉన్న ఉత్తుత్తి పొడి ఇవ్వరు. ఎవరికి అదనపు మందు అందుతోందో రోగికీ తెలుసు, డాక్టరుకూ తెలుసు. ఆయాసం మనసు మీద ఎంతో ఆధారపడే బాధ. టెన్షన్ పడితే పెరుగుతుంది, నమ్మకం కుదిరితే నెమ్మదిస్తుంది. అలాంటప్పుడు తేడా కనిపిస్తే అది పొడి వల్ల వచ్చిందా, నమ్మకం వల్ల వచ్చిందా?

హెనాన్ రాష్ట్రంలోని పరిశోధకులు 352 మంది రోగులతో చేసిన పరీక్ష 2012లో వెలువడింది. ఒక్కొక్కరి తీరును బట్టి మూడు రకాల పొడుల్లో ఒకటి ఆరు నెలలు ఇచ్చారు. ఆ గుంపులో జబ్బు ముదిరి మంచం పట్టే సందర్భాలు తగ్గాయని రాశారు. మనిషి తీరును బట్టి మందు అన్న చైనా పద్ధతిని నిజాయితీగా పాటించారు కాబట్టి దీన్ని నేను తేలిగ్గా తీసేయను. కానీ ఇందులోనూ ఉత్తుత్తి పొడి లేదు.

ఉత్తుత్తి మందుతో పోల్చినప్పుడు ఏమైందో చూడండి. జిన్‌సెంగ్ వేరు చైనా వైద్యంలో సత్తువకు పేరుపడింది, ఊపిరితిత్తుల 'చీ' పెంచుతుందంటారు. ఆస్ట్రేలియా, చైనాల్లో కలిపి 168 మంది సీఓపీడీ రోగుల్లో సగం మందికి జిన్‌సెంగ్ సారం, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి గుళిక 24 వారాలు ఇచ్చారు. 2019లో ఫలితం వచ్చింది. జీవన నాణ్యతలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. 'లాటరీ పద్ధతిలో రోగులను విడదీశాం' అని చైనా పత్రికల్లో రాసుకున్న 2,235 అధ్యయనాల రచయితలకు అక్కడి పరిశోధకులే ఫోన్లు చేసి, ఎలా విడదీశారో అడిగారు. నిజంగా ఆ పద్ధతి పాటించినవి 207 మాత్రమే అని 2009లో ప్రకటించారు. వాటిలో చైనా వైద్యం మీదివే కాదు, ఆధునిక వైద్యం మీదివీ ఉన్నాయి కాబట్టి ఇది ఒక్క మూలికల తప్పు కాదు. వందల బలహీనమైన అధ్యయనాలను ఒకచోట కూడినా బలమైన జవాబు రాదు. అయితే ఇది చైనావాళ్లకు చేతకాని పనేమీ కాదు. గుండెపోటు రోగుల్లో తొంగ్‌షిన్‌లువో అనే మూలికల గుళికను ఉత్తుత్తి గుళికతో పోల్చి, 3,777 మందిపై వాళ్లు చేసిన పరీక్ష 2023లో పేరున్న అమెరికా వైద్య పత్రికలో వచ్చింది, అందులో మేలు కనబడింది. ఊపిరితిత్తుల మూలికలకూ అంత గట్టి పరీక్షలు కావాలని నా కోరిక.

సూదుల సంగతికి వస్తే, 2012లో జపాన్ నుంచి ఒక మంచి పరీక్ష వచ్చింది. 68 మందిలో సగానికి నిజమైన ఆక్యుపంక్చర్, సగానికి చర్మంలోకి దిగని ఉత్తుత్తి సూదులు. మందులు ఎప్పటిలాగే వాడారు. 12 వారాల తర్వాత ఆరు నిమిషాలు నడిపించి చూస్తే, నిజమైన సూదులవాళ్లకు ఆయాసం బాగా తక్కువగా ఉంది. చిన్న పరీక్షే అయినా ఆశ కలిగించేది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. గాలిగదులు ఉబ్బిన రోగికి రొమ్ము మీద, వీపు పైభాగంలో సూది కొంచెం లోతుగా దిగినా ఊపిరితిత్తికి చిల్లుపడి గాలి బయటికి చిమ్మే ప్రమాదం ఉంది. అనుభవం లేని చేతులకు అప్పగించే పని కాదు.

వేసవిలో వేసే పట్టీల గురించి ఒక మాట. చలికాలపు జబ్బుకు ఎండాకాలంలో వైద్యం అన్నది వాళ్ల నమ్మకం. జూలై, ఆగస్టుల్లో బాగా ఎండ కాసే కొన్ని ప్రత్యేకమైన రోజుల్లో తెల్ల ఆవాలు వంటివి అల్లం రసంతో నూరి వీపు మీద అతికిస్తారు, ఆసుపత్రుల ముందు పెద్ద పెద్ద క్యూలు కడతారు. మృగశిర కార్తె రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం నిలబడేవాళ్లను చూసిన మనకు ఆ క్యూలు వింతగా అనిపించవు. ఆ పట్టీ చర్మాన్ని బొబ్బలెక్కించగలదు, షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్తపడాలి.

నెమ్మదిగా కదిలే చేతులు

ఇంత వెతికితే నాకు అన్నిటికంటే గట్టిగా అనిపించింది, మింగేది కాదు. తాయ్ చీ. తెల్లవారుజామున పార్కుల్లో పెద్దవాళ్లు నీళ్లలో ఈదుతున్నట్టు నెమ్మదిగా చేతులు కదిలిస్తూ చేసే వ్యాయామం.

సీఓపీడీకి మందుల తర్వాత బాగా పనిచేసేది ఊపిరితిత్తుల పునరావాస శిక్షణ. ట్రెడ్‌మిల్, సైకిల్, బరువులు, ఫిజియోథెరపిస్టు ఉండే పద్ధతి ప్రకారం చేయించే వ్యాయామం అది. పల్లెల్లో అది దొరకదు. చైనా పల్లెల్లో అంతకుముందు ఏ మందూ వాడని 120 మంది రోగులను తీసుకున్నారు. అందరికీ రోజుకోసారి పీల్చే మందు ఇచ్చారు. సగం మందికి పునరావాస శిక్షణ, సగం మందికి తాయ్ చీ. 12 వారాల తర్వాత ఇద్దరూ దాదాపు సమానంగా మెరుగుపడ్డారు. శిక్షణ ఆపేశాక ఇంకో 12 వారాలకు మళ్లీ చూస్తే తాయ్ చీ నేర్చుకున్నవాళ్లే ముందున్నారు. 2018లో వచ్చిన ఈ ఫలితాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను: ట్రెడ్‌మిల్ శిక్షణాకేంద్రంలో ఉండిపోతుంది, తాయ్ చీ మనిషితో పాటు ఇంటికి వస్తుంది. ఇంకో సంగతి మర్చిపోకూడదు, తాయ్ చీ వాళ్లకూ పీల్చే మందు ఇచ్చారు.

ఇలాంటిదే ఇంకో సాధన 'ల్యూజిజ్యే', ఆరు శబ్దాల ఊపిరి. ఆరో శతాబ్దపు తావో హోంగ్‌జింగ్ కాలం నుంచి నడుస్తోందంటారు. ముక్కుతో గాలి పీల్చి, ఒక్కో శబ్దాన్ని పలుకుతున్నట్టు నోరు పెట్టి, నిదానంగా వదలాలి. ఒక్కో శబ్దం ఒక్కో అవయవానికి. మూత్రపిండాలకు చెప్పిన 'చుయ్' అనే మాటకు చైనా భాషలో అర్థమే ఊదడం. ఆ ఆరు శబ్దాలు ఆరు అవయవాలకు చేరతాయన్న దాన్ని పక్కన పెట్టినా, శరీరంలో జరిగేది స్పష్టంగా ఉంది. పెదాలు దగ్గర చేసి నిదానంగా వదిలితే లోపల కొంచెం ఒత్తిడి నిలుస్తుంది, నాళాలు తొందరగా మూసుకుపోవు, చిక్కుకున్న గాలికి బయటికి వచ్చే వ్యవధి దొరుకుతుంది. మన ఛాతీ డాక్టర్లు పెదాలు ముడిచి ఊపిరి వదలమని నేర్పేది సరిగ్గా ఇదే.

ప్యాకెట్‌లో ఏముందో తెలియనప్పుడు

మూలికే కదా, చెడు చేయదులే అనుకునేవాళ్లు మాదోలింగ్ గురించి తెలుసుకోవాలి. గుర్రపు మెడలో గంటలా ఉండే కాయ. శతాబ్దాలుగా దగ్గుకు, ఊపిరితిత్తుల వేడికి వాడారు. అది అరిస్టలోకియా జాతి మొక్క, అందులోని ఆమ్లం మూత్రపిండాలను కోలుకోలేనంతగా ఎండగడుతుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. ఈ విషం 1990ల మొదట్లో బ్రసెల్స్‌లో బయటపడింది. బరువు తగ్గే మందులో ఒక చైనా మూలికకు బదులు ఈ జాతి వేరు కలిసింది, వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి. మాదోలింగ్‌ను చైనా తన అధికారిక మందుల జాబితా నుంచి 2020లో తొలగించింది. అన్ని వందల ఏళ్ల వాడకంలో ఈ ప్రమాదం ఎందుకు తెలియలేదంటే, దగ్గు ఈ వారం తగ్గుతుంది, కిడ్నీ ఎన్నో ఏళ్లకు పోతుంది. రెండింటినీ ముడిపెట్టడం ఏ ఒక్క వైద్యుడి అనుభవానికీ అందదు. మన పల్లెల్లో పాముకాటుకు పెట్టే ఈశ్వరి వేరు కూడా ఇదే జాతి. దాన్ని కడుపులోకి తీసుకోవద్దని తెలిసినవాళ్లకు చెప్పండి.

కల్తీ ఇంకో బెడద. తైవాన్‌లో 2,609 చైనా మందుల నమూనాలను పరీక్షిస్తే 23.7 శాతంలో చెప్పకుండా కలిపిన ఇంగ్లిష్ మందులు దొరికాయని 1997లో ప్రచురించారు. ఏ పొడి అయినా ఆయాసాన్ని మూడు రోజుల్లో మాయం చేసి, ఆకలి విపరీతంగా పెంచి, ముఖం గుండ్రంగా చేసిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. అలాంటి పొడిని ఒక్కసారిగా ఆపేయడమూ ప్రమాదమే, వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు కలిపి బలం అని అమ్మే 'టోకే' అనే పెద్ద బల్లులూ ఉన్నాయి. ఎండబెట్టి, వెదురు పుల్లలకు బార్లా చాపి, ఆడా మగా జంటగా అమ్ముతారు. తోకలోనే మందు ఉందంటారు. వాటి కోసం మన అస్సాం, మణిపూర్ అడవుల్లో దొంగవేట సాగుతోంది. ఆ బల్లితో చిరిగిన గాలిగది అతుక్కున్నట్టు నమ్మదగిన రుజువు నాకు ఎక్కడా కనబడలేదు. 2019లో దాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారు.

చైనా ప్రజల ఊపిరితిత్తులకు నిజంగా పెద్ద మేలు చేసిన ఒక వస్తువు ఉంది, ఏ కౌంటర్‌లోనూ అమ్మరు. యునాన్ రాష్ట్రంలో షువాన్‌వెయ్ అనే ప్రాంతంలో ఇళ్ల మధ్యలో గుంటపొయ్యిల్లో పొగబొగ్గు కాల్చేవాళ్లు. 1970ల నుంచి జనం పొయ్యిలకు పొగగొట్టాలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. 20 వేల మందికి పైగా జనం వివరాలు పరిశీలిస్తే, పొగగొట్టం పెట్టుకున్న ఇళ్లలో సీఓపీడీ ముప్పు మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 25 శాతం తక్కువగా ఉందని 2005లో తేలింది. పదేళ్లు గడిచాక ఆ తేడా మరింత స్పష్టమైంది. పెద్దమ్మ వంటింట్లో పొగగొట్టం లేదు. ఒక చిన్న కిటికీ ఉండేది, అదీ పిల్లులు వస్తాయని మూసేవాళ్లు.

మేం ఆ డబ్బాను పారేయలేదు, ఛాతీ డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లాం. పైన రాసిన పేర్లు అన్నయ్య ఫోన్‌లో ఒక్కొక్కటే చదివి చెప్పాడు: హువాంగ్‌చీ, వూవెయ్‌జీ, గాన్‌ఛావ్. గాన్‌ఛావ్ అంటే మన అతిమధురమే, చైనా కషాయాల్లో చాలావాటిలో ఉంటుంది. డాక్టరు అక్కడ ఆగారు. అతిమధురం రోజుల తరబడి తీసుకుంటే బీపీ పెరుగుతుంది, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. పెద్దమ్మ బీపీ మాత్రలో నీళ్లు పోయే మందు ఉంది, అదీ పొటాషియం తగ్గిస్తుంది. సాల్బుటమాల్ ఎక్కువసార్లు పీలిస్తే అదీ తగ్గిస్తుంది. మూడూ కలిస్తే గుండె లయ తప్పొచ్చు. "మీకు ఈ పొడి వద్దమ్మా" అన్నారాయన. తర్వాత పంపు ఎలా పీలుస్తారో చూపించమన్నారు. పెద్దమ్మ నోట్లో పెట్టుకుని నొక్కింది, పీల్చడం మాత్రం ఒక క్షణం ఆగి పీల్చింది. మందంతా నాలుక మీదే పడింది. అయిదేళ్లుగా అలాగే చేస్తోంది, మాలో ఒక్కరం కూడా గమనించలేదు. పంపుకు తగిలించి మందును నిదానంగా పీల్చుకోవడానికి ఆయన స్పేసర్ అనే గొట్టం రాసిచ్చారు. ఫ్లూ టీకా వేయించమన్నారు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని పెదాలు ముడిచి ఊపిరి వదలడం సాధన చేస్తోంది. మొదటి రోజు నేను ఎదురుగా కూర్చుని, ముక్కుతో పీల్చు, పెదాలు దగ్గర పెట్టు, నిదానంగా వదులు అని చెబుతుంటే కాసేపు చూసింది.

"పొయ్యి దగ్గర ఊదుగొట్టంతో ఊదినట్టేగా?" అంది.

"అంతే పెద్దమ్మా. నిప్పు రాజుకోవాలని ఊదినట్టు గట్టిగా కాదు, బూడిద లేవకుండా ఊదినట్టు."

తలూపి, కళ్లు మూసుకుని, చాలాసేపు వదిలింది.